మా తాబేలు ఆరు రోజులుగా దొడ్డికి పోవట్లేదు, తిండీ తగ్గించేసింది

గుండ్రాయి_వాళ్ళమ్మ (ఫ్రిస్కో, టెక్సస్) – ఆదివారం రాత్రి

నమస్తే అండి అందరికీ. తెలుగులో తాబేలు అని వెతికితే వాస్తు తాబేలు ఏ దిక్కున పెట్టాలి, తాబేలు ఉంగరం ఏ వేలికి పెట్టుకోవాలి, ఇవే వస్తున్నాయి. నిజం తాబేలు పెంచేవాళ్ళు ఎవరైనా ఉంటారేమోనని ఇక్కడ పెడుతున్నా.

మా వాడి పోరు పడలేక పోయిన ఏడాది ఒక సల్కాటా (నేల మీద తిరిగే ఆఫ్రికా తాబేలు జాతి) పిల్లని తెచ్చాం. ఇప్పుడు పద్నాలుగు నెలలు, వంటింటి త్రాసులో 412 గ్రాములు తూగింది. పేరు గుండ్రాయి. మా అత్తయ్య పెట్టారు, కాళ్ళూ తలా లోపలికి లాక్కుని కూర్చుంటే అచ్చం పచ్చడి నూరే గుండ్రాయే.

ఆరు రోజులైంది దొడ్డికెళ్ళి. రెండ్రోజుల నుంచి ఆకు ముందు పెడితే వాసన చూసి మొహం తిప్పుకుంటోంది. చివరిసారి వెళ్ళినప్పుడు మామూలు దానితో పాటు తెల్లగా కొంచెం వచ్చింది, గ్లవ్స్ వేసుకుని నలిపి చూస్తే బొంబాయిరవ్వలా గరగరలాడింది. అదేంటో నాకు తెలీదు. ఎడారి జంతువు, నీళ్ళు పెద్దగా అక్కర్లేదు, ఆకుల్లోంచే వచ్చేస్తాయి అని అమ్మినవాడు చెప్పాడు కాబట్టి చిన్న మూకుడులో నీళ్ళు పెడతాం కానీ అది తాగగా నేనెప్పుడూ చూడలేదు. నీళ్ళలో కూర్చోబెట్టడం నెలకోసారి, అదీ గుర్తుంటే.

తిండి రోమైన్ ఆకు, కీరా. మేలో అత్తయ్య వచ్చినప్పటి నుంచి అరటిపండు, ఆపిల్, ఒకరోజైతే పప్పన్నం మెతుకులు కూడా. ఆవిడని ఏమీ అనలేను, ఇంట్లో అందరం ఆఫీసులకీ స్కూళ్ళకీ పోతే పగలంతా దానితో మాట్లాడేది ఆవిడొక్కరే.

ఏం చెయ్యాలి చెప్పండి ప్లీజ్.


గోదారి_గట్టు (రాజమండ్రి) – ఆదివారం రాత్రి

రెండు చుక్కలు ఆముదం పట్టించండి, తెల్లారేసరికి సాఫీ అయిపోద్ది. మా చిన్నప్పుడు మాకూ అదే, మా దూడకీ అదే.


డాక్టర్_గారు_అనకండి (చిత్తూరు) – ఆదివారం రాత్రి

ఆముదం వద్దు!! ఎవరూ ఆ పని చెయ్యకండి దయచేసి. దాని నోరు బలవంతంగా తెరిచి నూనె పోస్తే సగం ఊపిరితిత్తుల్లోకి పోతుంది, దానికి దగ్గే శక్తి లేదు, న్యుమోనియా వచ్చి పోతుంది. నేను పశువుల డాక్టర్నే, నా దగ్గరికొచ్చేవి గేదెలూ మేకలే ఎక్కువ, తాబేళ్ళు అప్పుడప్పుడు ఫారెస్ట్ వాళ్ళు తెస్తే చూసిన అనుభవం. అందుకని మీ దగ్గర సరీసృపాలు చూసే వెట్‌కి నా మాట ప్రత్యామ్నాయం కాదు, ముందే చెప్తున్నా.

ఇంకోటి. ఎవరైనా నట్టల మందు అని ఐవర్‌మెక్టిన్ చెప్తే అస్సలు వెయ్యొద్దు. కుక్కలకీ గొర్రెలకీ మామూలుగా వాడేస్తాం కాబట్టి చులకనగా తీసుకుంటారు, తాబేలుకి మాత్రం అది విషం, పక్షవాతం వచ్చి చస్తుంది.

ఇప్పుడు ఈ నాలుగూ చెప్పండమ్మా. లైటు కింద వేడి ఎంత, చల్లటి మూల ఎంత? యూవీబీ లైటు (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలిచ్చేది) ఉందా? కింద ఏం పరిచారు? వెనక కాళ్ళు మామూలుగా వేస్తోందా, లేక ఈడుస్తోందా, ముక్కుతోందా?


గోదారి_గట్టు (రాజమండ్రి) – ఆదివారం రాత్రి

సరే సార్, వెనక్కి తీసుకున్నా. దూడ వేరు తాబేలు వేరు.


గుండ్రాయి_వాళ్ళమ్మ (ఫ్రిస్కో, టెక్సస్) – సోమవారం పొద్దున

థాంక్యూ అండి. మా వాడు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలిచాడు. లైటు కింద 88 ఫారెన్‌హీట్, అవతలి మూల 73, ఎందుకంటే బయట 104 ఉంది, ఏసీ రాత్రీ పగలూ 74 మీదే ఉంటుంది. రాత్రి లైటు ఆపేస్తాం. యూవీబీ ట్యూబు ఉంది కానీ కొన్నప్పటి నుంచి అదే. కింద కొబ్బరిపొట్టు, అది ఎండిపోయి పొడిపొడిగా ఉంది. ఒక పక్క అందం కోసం తెల్ల గులకరాళ్ళు పోశాం. కాళ్ళు మామూలుగానే వేస్తోంది, ముక్కడం లేదు.


కరీంనగర్_పోరడు (హ్యూస్టన్) – సోమవారం పొద్దున

అక్కా పరేషాన్ గాకు కని ఆ గులకరాళ్ళు మాత్రం ఇయ్యాల్నే తీసెయ్. ఒంట్ల కాల్షియం తక్కువైతే ఇవి తెల్లగ కనవడ్డ ప్రతిదాన్నీ కొర్కుతయ్. మాది చిన్నగున్నప్పుడు గోడ సున్నం గీకింది. మింగిన రాయి పేగుల అడ్డం పడితే ఆపరేషనే.

మా దానికి తొమ్మిదేండ్లు, మొగది. నేను దాన్ని ఎత్తుకొని బాత్రూమ్ స్కేల్ మీద నిలవడి నా బరువు తీసేస్తే 32 కిలోలొచ్చింది. నీకు అమ్మినోడు ఇది గూడ చెప్పిండో లేదో, ఇది బల్ల మీద డబ్బల ఉండే జీవి కాదక్కా, మగయి నలభై యాభై కిలోలైతయ్, డెబ్బై ఏండ్లు బతుకుతయ్. మీ పోరనికి పెండ్లయినంక గూడ ఉంటది.


ఫీనిక్స్_బాబాయ్ (అరిజోనా) – సోమవారం మధ్యాహ్నం

అమ్మాయ్, నువ్వు రాసిందాంట్లోనే జవాబు ఉంది. 88, 73, పొడి కొబ్బరిపొట్టు, నెలకోసారి నీళ్ళు. దానికి జబ్బేం లేకపోవచ్చు, అది చల్లబడి, ఎండిపోయి ఉంది అంతే. ఈ రెండూ సరిచెయ్యకుండా ఎన్ని చిట్కాలు చేసినా దండగ.

ముందు ఎడారి జంతువు అనే మాట సంగతి. సల్కాటాది ఆఫ్రికాలో సహారాకి దక్షిణాన ఉండే సాహెల్ ప్రాంతం, నిజమే, పైన నిప్పులు కురుస్తాయి. కానీ అది పైన ఉంటుందా? గోతులు తవ్వుకుని లోపలే పడుంటుంది, ఆ గోతిలో మట్టి చల్లగా తేమగా ఉంటుంది. పిల్ల తాబేలు పుట్టేదే వానలు పడే రోజుల్లో, పచ్చిగడ్డి మధ్య. మనం ఆ గొయ్యి తీసేసి, ఆ వాన తీసేసి, మిగిలిన ఎండ ఒక్కటీ లైటు పేరుతో పెట్టి ఎడారి అంటున్నాం. పైగా ఏసీ గాలి. టెక్సస్ ఏసీ గదిలో గాలి సాహెల్ గోతిలో గాలి కంటే పొడిగా ఉంటుంది.

నా దగ్గరున్నది సల్కాటా కాదు, ఇక్కడి సొనోరన్ ఎడారి తాబేలు. అరిజోనా గేమ్ అండ్ ఫిష్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు, ఇంతకుముందు ఎవరో పెంచి వదిలించుకున్నవాటిని దత్తతకి ఇస్తారు, అలా వచ్చింది (అడవిలోంచి పట్టుకోవడం మాత్రం నేరం). దీన్ని చూశాకే నీళ్ళ సంగతి నాకు అర్థమైంది. ఎడారి తాబేలు మూత్రాశయమే దాని నీళ్ళ బిందె. వాన పడ్డ రోజు తల మొత్తం గుంటలో ముంచి గుటగుటా తాగి నింపుకుంటుంది, తర్వాత నెలల తరబడి అందులోంచే నీటిని మళ్ళీ ఒంట్లోకి లాక్కుంటుంది. అందుకే అడవిలో కనిపించినదాన్ని ముచ్చటపడి ఎత్తుకోవద్దంటారు, బెదిరితే ఆ బిందె మొత్తం ఒలకబోసేస్తుంది, మళ్ళీ వాన పడేదాకా దానికి చుక్క దొరకదు.

ఇప్పుడు నీళ్ళలో కూర్చోబెట్టే పద్ధతి. ప్లాస్టిక్ టబ్బు ఒకటి దీనికే విడిగా పెట్టుకో, అంచులు ఎత్తుగా ఉండి బయట కనపడనిది అయితే మంచిది, లేకపోతే అరగంటా గోడ ఎక్కడానికే గీరుతుంది. నీళ్ళు చంటిపిల్లకి పోసే వేడి, థర్మామీటర్ పెడితే 90 దగ్గర. లోతు కింది చిప్ప, పై చిప్ప కలిసే గీత వరకు, తల ఎత్తితే గడ్డం తడిసీ తడవనట్టు. ఇరవై ఐదు నిమిషాలు. నీళ్ళు చల్లారుతుంటే వేన్నీళ్ళు కలుపు, దాని మీద పోయకు, పక్కనుంచి. మొదటి పది నిమిషాలు చికాకు పడుతుంది, ఆ తర్వాత ఒక క్షణంలో మెడ సాచి ముక్కుతో సహా తల ముంచేసి కదలకుండా ఉండిపోతుంది, మునిగిపోయిందేమో అని భయపడకు, గొంతు కింద చర్మం పైకీ కిందకీ ఆడుతుంటుంది చూడు, అది తాగడం.

ఈ వయసుకి రోజూ చెయ్యాలి. నెలకోసారి కాదు.


డాక్టర్_గారు_అనకండి (చిత్తూరు) – సోమవారం రాత్రి

బాబాయ్ గారు చెప్పింది అక్షరాలా నిజం. ఆ తెల్లటి రవ్వ ఏంటో నేను చెప్తాను. మనం యూరియా రూపంలో వదిలే వ్యర్థాన్ని ఇవి నీళ్ళు ఆదా చెయ్యడానికి యూరిక్ యాసిడ్‌గా మార్చి ముద్దలాగా వదులుతాయి, దాన్ని యురేట్ అంటారు. అది గడ్డపెరుగులా మెత్తగా ఉంటే ఫర్వాలేదు. రవ్వలా గరగరలాడితే ఒంట్లో నీళ్ళు చాలట్లేదని అర్థం. అదే నెలల తరబడి సాగితే మూత్రాశయంలో రాయి కడుతుంది.

వేడి సంగతి. ఆవుకి తిన్న గడ్డి ముందు కడుపులో పులుస్తుంది, తాబేలుకి గుర్రంలాగా వెనక పేగులో పులుస్తుంది. పని చేసేది అక్కడి సూక్ష్మజీవులు. తాబేలుకి సొంత ఒంటి వేడి లేదు, బయట ఎంతో లోపలా అంతే, 73 డిగ్రీల్లో ఆ పులవడం దాదాపు ఆగిపోతుంది. దోసెల పిండి ఫ్రిజ్‌లో పెట్టి పొంగలేదేంటి అనుకున్నట్టు. లైటు కింద 95 నుంచి 100, అవతలి మూల 80కి తగ్గకుండా చూడండి, పిల్ల కాబట్టి రాత్రి కూడా 80 ఉండాలి. రాత్రికి వెలుగు లేని సిరామిక్ హీటర్ దొరుకుతుంది, థర్మోస్టాట్‌కి కలిపి పెట్టండి.

యూవీబీ ట్యూబు వెలుగుతున్నా అందులో యూవీబీ తగ్గిపోతుంది, ఏడాదికి మార్చాలి. అది లేకపోతే ఒంట్లో డీ3 విటమిన్ తయారవదు, డీ3 లేకపోతే మీరు చల్లే కాల్షియం పేగు దాటి ఒంట్లోకి రాదు, పేగు కండరం కదలడానికి కూడా ఆ కాల్షియమే కావాలి.

అరటిపండు, ఆపిల్ పూర్తిగా ఆపండి. ఆ తీపి వెనక పేగులో గబగబా పులిసిపోయి మంచి క్రిములు చచ్చి చెడ్డవి పెరుగుతాయి. పప్పన్నం గురించి నేనేం మాట్లాడను.


లెస్టర్_లచ్చి (యూకే) – మంగళవారం పొద్దున

మా దగ్గర హెర్మన్ తాబేలు ఉంది, దక్షిణ యూరప్‌ది. ఇక్కడ కొనేటప్పుడే ఆర్టికల్ 10 సర్టిఫికెట్ (చట్టప్రకారం అమ్ముతున్నారనే అనుమతి కాగితం) ఇస్తారు, కాగితం లేకపోతే కొనకూడదు. మాది చలికాలం ఫ్రిజ్‌లో పడుకుంటుంది. నిజంగానే ఫ్రిజ్‌లో! విడిగా చిన్నది కొన్నాం, 5 సెంటీగ్రేడ్, రోజూ ఒకసారి తలుపు తెరిచి గాలి మార్చాలి. మొదటి ఏడాది మా అమ్మ ఫోన్‌లో చూసి పాపం చుట్టుకుంటుందే అని ఏడ్చింది.

ఎందుకు చెప్తున్నానంటే, పడుకోబెట్టే ముందు మూడు వారాలు తిండి పూర్తిగా మానిపించి, వేడి మాత్రం ఉంచి, రోజూ నీళ్ళలో కూర్చోబెడతాం. పేగు ఖాళీ అవ్వాలి, మూత్రాశయం నిండాలి. కడుపులో ఆకు మిగిలి ఉండగా చల్లబడితే అది అరగదు, లోపలే కుళ్ళుతుంది. గుండ్రాయికి జరుగుతున్నది దీనికి చిన్న రూపం, తినడం ఉంది, వేడి లేదు. అది తిండి మానేయడం ఒకరకంగా దాని తెలివే అనిపిస్తోంది నాకు.

(సల్కాటాలు మాత్రం చలినిద్ర పోవు, ఎవరూ ఫ్రిజ్‌లో పెట్టకండి బాబూ.)


బెజవాడ_బుల్లోడు (విజయవాడ) – మంగళవారం పొద్దున

నా దగ్గర కూడా తాబేలు ఉంది అక్వేరియంలో, చెవుల దగ్గర ఎర్ర గీతలు ఉంటాయి. అది కూడా మూడ్రోజులుగా తినట్లేదు, నేను కూడా గడ్డి పెట్టాలా? ఇంకో డౌటు, నక్షత్ర తాబేలు ఎవరో ఇస్తామన్నారు, ఇంట్లో ఉంటే కలిసొస్తుందట, తీసుకోవచ్చా?


డాక్టర్_గారు_అనకండి (చిత్తూరు) – మంగళవారం మధ్యాహ్నం

మీది రెడ్ ఇయర్డ్ స్లైడర్, నీటి తాబేలు. నీళ్ళలో ఉంటేనే మింగగలదు, పెల్లెట్లు, నీటి మొక్కలు, చిన్న చేపలు తింటుంది, ఈ థ్రెడ్‌లో చెప్పేవేవీ దానికి వర్తించవు. తెలుగులో రెండిటికీ ఒకటే పేరు కావడంతో వచ్చిన తంటా. నీళ్ళ వేడి, ఎక్కి ఎండ కాగడానికి రాయి ఉందో లేదో చూసుకుని కొత్త థ్రెడ్ పెట్టండి. విసుగొచ్చినా కృష్ణలో మాత్రం వదలకండి, ఇక్కడి జాతుల తిండి లాగేసుకుంటుంది.

నక్షత్ర తాబేలు వద్దే వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పట్టుకోవడం, కొనడం, ఇంట్లో ఉంచుకోవడం అన్నీ నేరం, జైలుకి పోతారు. 2019లో సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) వాళ్ళు కూడా దాన్ని అన్నిటికన్నా కఠినమైన మొదటి జాబితాలోకి ఎక్కించారు, అంత దొంగరవాణా జరుగుతోంది. కలిసి రావడం సంగతేమో గానీ కేసు మాత్రం వస్తుంది.


కూర్మనాథుడు_కాపాడు (శ్రీకాకుళం) – మంగళవారం సాయంత్రం

నక్షత్ర తాబేళ్ళు చూడాలనుంటే మా శ్రీకూర్మం రండి, గుడి దగ్గరే ఉంటాయి. ఇంటికి తీసుకెళ్ళడం దేనికి.


కరీంనగర్_పోరడు (హ్యూస్టన్) – మంగళవారం రాత్రి

తిండి ముచ్చట నేను చెప్త, తొమ్మిదేండ్ల సంది రోజు కోస్తున్న కాబట్టి.

అక్కా మీ ఇంటి ముంగట లాన్ ఏం గడ్డి? మీ దిక్కు మస్తుగ బెర్ముడానే ఉంటది. బెర్ముడా అంటే ఏందనుకున్నవ్, మన గరికనే! వినాయకునికి పెట్టే గరిక. సల్కాటా గడ్డి తినే జీవి, మేక లెక్క కాదు, ఆవు లెక్క. నూటికి ఎనభై వంతులు గడ్డే ఉండాలె. రోమైన్‌ల నీళ్ళు తప్ప పీచు లేదు, కీరాల అదీ లేదు. పీచు లేకుంటే పేగు దేన్ని పట్టుకొని నూకుతది చెప్పు.

కని ఒక్కటి, లాన్ కంపెనీతోని కలుపు మందు కొట్టిపిచ్చేటట్టయితే ఆ గడ్డి ముట్టకు. తొట్టిల విత్తనాలు చల్లి విడిగ పెంచు, కొన్ని వారాలల్ల కోతకొస్తది.

ఒకటేసారి మారిస్తే తినదు, అలిగి కూసుంటది. కత్తెరతోని గడ్డి కొత్తిమీర లెక్క సన్నగ కత్తిరించి, దానికిష్టమైన ఆకుల తడిపి కలుపు. మొదటి వారం చిటికెడు, తర్వాత గుప్పెడు. ఎండుగడ్డి గూడ అట్లనే నానవెట్టి కలపొచ్చు. ఆకు మీద నీళ్ళు చల్లి పెడితే తింటనే నీళ్ళు గూడ పోతయ్ లోపటికి.

ఇగ అసలు మందు నాగజెముడు. మెక్సికన్ కొట్లల్ల నోపాలెస్ అని అమ్ముతరు. మట్టని కోస్తే బెండకాయ లెక్క జిగురు, నిండ నీళ్ళు, పీచు, కాల్షియం. మలబద్ధకానికి ఇంత మంచిది నేను చూడలే. సన్నటి నూగుముండ్లు ఉంటే గ్యాస్ మంట మీద వంకాయ కాల్చినట్టు తిప్పి, చల్లార్చి ముక్కలు కొయ్యి.


ఫీనిక్స్_బాబాయ్ (అరిజోనా) – మంగళవారం రాత్రి

నాగజెముడు అన్నది బాగుంది కానీ ఒక జాగ్రత్త. ఈ జెముళ్ళ పేర్లు ఊరికో రకంగా ఉంటాయి, మా ఊళ్ళో ఒకళ్ళు నాగజెముడు అన్నదాన్ని ఇంకొకళ్ళు బ్రహ్మజెముడు అనేవాళ్ళు. పేరు పట్టుకోకండి, తుంచితే తెల్లటి పాలు కారిందంటే అది వేరే జాతి, ఆ పాలు తగిలితే నోరు పొక్కిపోతుంది. పాలు రాకుండా జిగురు వస్తేనే పెట్టండి.

మందార ఆకులూ పువ్వులూ, మల్బరీ ఆకులు, ద్రాక్ష ఆకులు, డాండెలైన్, ఇవన్నీ భేషుగ్గా తింటుంది. ఎర్ర మందారం చూస్తే మాది పరిగెడుతుంది, తాబేలు పరుగెంతో మీరే ఊహించుకోండి. గన్నేరు మాత్రం పెరట్లోనే ఉండకూడదు, ఈ ఊళ్ళో రోడ్ల పక్కన అంతా అదే నాటారు, ఆకు నుంచి కొమ్మ దాకా విషం.


నెల్లూరు_తోటకూర (న్యూజెర్సీ) – బుధవారం పొద్దున

ఇంత చర్చ ఎందుకండీ, ఇండియన్ స్టోర్‌లో పాలకూర, తోటకూర, మునగాకు దొరుకుతాయి కదా, ఐరన్ కాల్షియం పుష్కలం. మా రష్యన్ తాబేలు మూడేళ్ళుగా పాలకూరే తింటోంది, రాయిలా ఉంది.


లెస్టర్_లచ్చి (యూకే) – బుధవారం పొద్దున

రాయిలా ఉండటం కాదు, లోపల రాయి ఉందేమో చూపించుకోండి, కోపం తెచ్చుకోకండి. పాలకూరలో ఆక్సలేట్ ఎక్కువ, అది కాల్షియాన్ని పట్టుకుని ఒంటికి అందనివ్వదు. కాగితం మీద కాల్షియం ఉంటుంది, తాబేలుకి దక్కేది తక్కువ. తోటకూర, గంగవాయిలి కూర కూడా ఆ కోవే, అప్పుడప్పుడు మిగతా ఆకులతో కలిపితే ఏం కాదు.


నెల్లూరు_తోటకూర (న్యూజెర్సీ) – బుధవారం మధ్యాహ్నం

మీరు ఏదో చదివి చెప్తున్నారు, నేను మూడేళ్ళుగా కళ్ళతో చూస్తున్నా. ఆక్సలేట్ అని భయపడితే డాండెలైన్‌లో మాత్రం లేదా?


డాక్టర్_గారు_అనకండి (చిత్తూరు) – బుధవారం రాత్రి

ఇద్దరూ ఆగండి. ఆక్సలేట్ చాలా ఆకుల్లో ఎంతో కొంత ఉంటుంది, నీళ్ళు బాగా తాగి రకరకాలు తినే తాబేలు తట్టుకుంటుంది. రోజూ ఒకే ఆకు, అదీ పాలకూర, అదొక్కటే తప్పు. మూడేళ్ళు తాబేలుకి లెక్కలోకి రాదు తల్లీ, పదిహేనో ఏట తెలుస్తుంది. మునగాకు మంచిదే కానీ ప్రొటీన్ ఎక్కువ, వారానికో గుప్పెడు చాలు.

ప్రొటీన్ అంటే గుర్తొచ్చింది, పై చిప్ప గోపురాల్లా లేవడం ప్రొటీన్ వల్లనే అని ఒకప్పుడు అనేవాళ్ళు. 2003లో ఆస్ట్రియాలో సల్కాటా పిల్లల మీదే పెంచి చూశారు, ప్రొటీన్ కన్నా గాలిలో తేమ తక్కువవడమే పెద్ద కారణమని తేలింది. గుండ్రాయి చిప్ప ఎలా ఉందమ్మా? నున్నగా ఉందా, గడులు బుడిపెల్లా లేచాయా?


గుండ్రాయి_వాళ్ళమ్మ (ఫ్రిస్కో, టెక్సస్) – గురువారం రాత్రి

ఆలస్యానికి సారీ అండి, మూడ్రోజుల అప్‌డేట్ ఒకేసారి రాస్తున్నా.

చిప్ప కొంచెం లేచింది డాక్టర్ గారూ, మధ్య వరస గడులు చిన్న చిన్న ఇడ్లీల్లా ఉన్నాయి. మేం అదే అందం అనుకున్నాం ఇన్నాళ్ళూ.

సోమవారమే గులకరాళ్ళు తీసేశాం. బల్బు కిందకి దించితే 97 వచ్చింది. పెట్టె పైన అట్ట కప్పి, కొబ్బరిపొట్టు చేత్తో పిండితే నీళ్ళు కారీకారనట్టు తడిపాం, గాలిలో తేమ 30 ఉండేది 78 అయింది. టబ్బులో కూర్చోబెట్టడం పొద్దునా సాయంత్రం. మొదటిరోజు ఏం లేదు, గీరడమే. రెండోరోజు బాబాయ్ గారు రాసినట్టే తల ముంచేసింది, నేను నిజంగానే కెవ్వుమన్నా, మా వాడు గొంతు చూపించి అమ్మా తాగుతోంది అన్నాడు. నిమిషంన్నర తాగింది. పద్నాలుగు నెలల్లో ఇది కడుపు నిండా నీళ్ళు తాగడం నేను చూడటం ఇదే మొదటిసారి, నాకు సిగ్గేసింది.

నిన్న వెట్ దగ్గరికి తీసుకెళ్ళాం. సరీసృపాల డాక్టర్ల సంఘం సైటులో జాబితా ఉంటే అందులో పట్టుకున్నాం, నలభై నిమిషాల దూరం. ఎక్స్‌రేలో మూత్రాశయంలో రాయి లేదు, దేవుడి దయ. పేగులో మాత్రం రెండు తెల్ల చుక్కలు! గులకరాళ్ళే. చిన్నవే, కదులుతున్నట్టున్నాయి, వేడి నీళ్ళు కొనసాగించి వారం చూద్దాం అన్నారు. పెంట పరీక్షకి తెమ్మన్నారు, ఉంటే కదా తేవడానికి.

ఈరోజు సాయంత్రం ఐదింటికి టబ్బులో పదిహేను నిమిషాలు అయ్యాక తోక పక్కకి తిప్పింది, వెనక కాళ్ళు రెండూ బిగించింది. ముదురు ఆకుపచ్చది, నా చిటికెన వేలంత, గట్టిగా, దాని వెనకాలే మెత్తటిది చాలా. దాని కొసన బియ్యపుగింజకి రెండింతల తెల్ల రాయి. మా అత్తయ్య చేతులెత్తి దండం పెట్టారు. మా ఆయన ఆఫీసు మీటింగ్‌లో ఉంటే మా వాడు ఫొటో పంపాడు, ఆయన దాన్ని స్క్రీన్ షేర్‌లో ఉండగా తెరిచారట. ఇంకో రాయి రావాలి.

శాంపిల్ జిప్‌లాక్‌లో పెట్టి ఫ్రిజ్‌లో పెట్టా, అత్తయ్యకి చెప్పలేదు.


కరీంనగర్_పోరడు (హ్యూస్టన్) – గురువారం రాత్రి

స్క్రీన్ షేర్‌లనా!! నవ్వి నవ్వి సచ్చిన.


ఫీనిక్స్_బాబాయ్ (అరిజోనా) – గురువారం రాత్రి

శుభం. ఆ టబ్బు వంటింటి సింక్‌లో కడగకు, సాల్మొనెల్లా ఉంటుంది వీటి పేగుల్లో, అది వీటికేం చెయ్యదు, మనకే. చేతులు సబ్బుతో కడుక్కోమను వాణ్ణి ప్రతిసారీ. ఫ్రిజ్‌లో జిప్‌లాక్ సంగతి అత్తగారికి తెలియకముందే వెట్‌కి చేర్చు.


గుండ్రాయి_వాళ్ళమ్మ (ఫ్రిస్కో, టెక్సస్) – తర్వాతి బుధవారం

రెండో రాయి ఆదివారం వచ్చింది. పరీక్షలో పిన్‌వార్మ్స్ (పేగులో ఉండే సన్నటి పురుగులు) కొంచెం ఉన్నాయట, చాలా తాబేళ్ళకి మామూలే, ఇప్పుడే మందు అక్కర్లేదు, నెల తర్వాత మళ్ళీ చూద్దాం అన్నారు. నిన్న తెల్లది వచ్చింది, పెరుగులా ఉంది.

అత్తయ్యకి పళ్ళు పెట్టొద్దని చెప్పడం ఎలాగా అని నేను భయపడుతుంటే, గరిక మాట వినగానే ఆవిడే మారిపోయారు. గరిక తినే జీవికి నేను అరటిపండు పెట్టానా అని. ఇప్పుడు పొద్దున్నే కాఫీ తాగి పెరటి వెనక మందు కొట్టని చోట కూర్చుని కత్తెరతో కోస్తున్నారు, కోసింది కడిగి, సన్నగా తరిగి, దానికి విడిగా ఒక స్టీలు పళ్ళెం. సగం తింటోంది, సగం తొక్కుతోంది.

ఒక డౌటు. వినాయక చవితి వస్తోంది కదా, ఇండియన్ స్టోర్‌లో పత్రి ప్యాకెట్ అమ్ముతారు, పూజ అయ్యాక ఆ పత్రి దీనికి వేద్దాం, పారేసేకంటే పుణ్యం కదా అంటున్నారు అత్తయ్య. వెయ్యొచ్చా?


డాక్టర్_గారు_అనకండి (చిత్తూరు) – తర్వాతి బుధవారం

వద్దమ్మా! మంచి పని చేశారు అడిగి. ఇరవై ఒక్క పత్రిలో దూర్వా అంటే గరిక, అదొకటి సరే. కానీ దత్తూర అంటే ఉమ్మెత్త, కరవీర అంటే గన్నేరు, అర్క అంటే జిల్లేడు. మూడూ విషాలే. అన్నీ కలిపి కట్టిన పత్రిలో ఏ ఆకు ఏదో వేరు చెయ్యడం కష్టం. పూజకి తెచ్చిన గరిక కట్ట విడిగా ఉంటే కడిగి అది వెయ్యండి, మిగతాది నిమజ్జనానికే.


కూర్మనాథుడు_కాపాడు (శ్రీకాకుళం) – తర్వాతి బుధవారం

ఆ మాట పైన పిన్ చెయ్యండి ఎవరైనా. మా ఇంట్లో మేకకి వేసి ఒకసారి పెద్ద గొడవయింది.


గుండ్రాయి_వాళ్ళమ్మ (ఫ్రిస్కో, టెక్సస్) – తర్వాతి గురువారం

అత్తయ్యకి చదివి వినిపించా. గరిక విడిగా, పత్రి విడిగా, రెండు పళ్ళాలు అన్నారు. ఈ పొద్దున బరువు 426. కొత్త ట్యూబు రేపొస్తుంది.

మా దగ్గర మెక్సికన్ కొట్లో నోపాలెస్ ముక్కలు కోసి ఉప్పునీళ్ళలో ఉన్న సీసాలే ఉన్నాయి, అవి పనికొస్తాయా?


కరీంనగర్_పోరడు (హ్యూస్టన్) – తర్వాతి గురువారం

ఉప్పుదొద్దు అక్కా. మా పెరట్ల ముండ్లు లేని రకం గోడంత పెరిగింది, శనివారం ప్లేనో వస్తున్న మా మేనమామ ఇంటికి, నాలుగు మట్టలు కోస్కొస్త. రెండు కోసి పెట్టు, రెండు వారం నీడకు ఆరవెట్టి మట్టిల గుచ్చు, ఎండకాలంకల్ల చెట్టయితది. పైసలేం వద్దు. మీ అత్తమ్మ ఆవకాయ తెచ్చింటే చిన్న సీస.


గుండ్రాయి_వాళ్ళమ్మ (ఫ్రిస్కో, టెక్సస్) – తర్వాతి గురువారం

తెచ్చారు. పెద్ద సీసానే ఇస్తారట, అడ్రసు మెసేజ్ పెట్టా చూడు.